చుట్ల లెక్క

కల్వకుర్తిల చౌరస్తా దాటినంక
మోటర్ వైండింగు షాపుకు, పాల బూతుకు నడుమ
ఒక్క షట్టరంత జాగ నాది.
ఎండకాలం కాలిన బోరు మోటర్లన్నీ
పక్కకు, మౌలాలి చాచా దగ్గరికి వొస్తయి.
కాలిన కంప్యూటర్లు నా దగ్గరికి.
వాసన రెండిటిదీ ఒక్కటే.

చెన్నకేశవులు పొద్దుమీకి తువ్వాలల చుట్టి తెచ్చిండు
పట్నంల కొన్న హార్డ్ డిస్కు.
పాతదే, చీటి కొత్తది.
"మూడు పెండ్లిళ్ల వీడియో దీంట్లనే ఉన్నది అక్కా,
అప్పగింతల కాడ ఆగి ఆగి నడుస్తుంది,
పెండ్లిపిల్ల ఏడ్వనీకి నోరు తెరిచి
అట్లనే ఉంటది, ఏడ్వది."

చీటి మీద ఏడువేల రెండు వందలు.
నిమిషానికి అన్ని చుట్లట.
చీటి మూల జరంత లేచి ఉన్నది.
గోరు పెడితే కింద ఇంకో చీటిని పీకిన జిగురు,
జిగురుల ఎవరిదో వెంట్రుక.

సిస్టంకు తగిలిచ్చి అడిగిన.
కంపెనీ పేరు చెప్పింది.
ఎన్ని గంటలు నడిచిందో చెప్పింది, పదకొండు వేల చిల్లర.
ఒంటి వేడి చెప్పింది.
వేగం గడిల మాత్రం చిన్న గీత.
కిరాయి ఇంటి కోసం వొచ్చి
ఊరూ పేరూ చెప్పి
కులం కాడ ఆగిన మనిషి లెక్క.

"మూత ఇప్పి చూస్తే?" అన్నడు చెన్నకేశవులు.
ఇప్పితే దుమ్ము పడ్తది,
దుమ్ము పడితే మూడు పెండ్లిళ్లూ పోతయి.
ఇప్పినా కండ్లకు కనబడేది ఒక అద్దం,
ఎంత తిరిగినా నిలబడ్డట్టే ఉండే అద్దం.

చాయ్ గిలాసతోని మౌలాలి చాచా వొచ్చిండు,
వేళ్లకు వార్నిష్, గోళ్లల రాగి తీగె పొట్టు.
"ఫ్యాన్ బందు పెట్టు" అన్నడు.
ఆటో ఒకటి పోయేదాక ఆగినం.
స్క్రూ డ్రైవర్ మొన డిస్కు అంచుకు,
కట్టె పిడి చెవి ముందటి బొక్కకు.
ముప్పై ఏండ్ల సంది మోటర్లను గట్లనే వింటడు,
నీళ్లు ఎక్కిందా, బేరింగు పోయిందా,
రైతు అబద్ధం చెప్తున్నడా.
రెండో చెవి వాకిలి దిక్కు,
రోడ్డవతల ట్రాన్స్‌ఫార్మర్ మీద.

"దానికంటె కింద పల్కుతుంది."
"కింద అంటే?"
"కిందనే."

నా సొంత డిస్కు తీసి పెట్టిన,
ఏడువేల రెండు వందలదే, నేను డబ్బా ఇప్పి కొన్నది.
"ఇది పైన" అన్నడు పిడి ఆనీ ఆనకముందే.
కండ్లు మూయించి మార్చి మార్చి పెట్టిన.
మూడు తాపల మూడూ పట్టిండు,
నాలుగోసారి చాయ్ సల్లారుతుందని కోపం చేసిండు.

కాలిక్యులేటర్ ఒత్తిన.
ఏడువేల రెండు వందలను అరవైతోని భాగిస్తే నూట ఇరవై.
అయిదువేల నాలుగు వందలను భాగిస్తే తొంభై.
కరెంటు గులుగుడు సెకనుకు నూరు.
నూరుకు ఇవతల ఒకటి, అవతల ఒకటి,
నడుమ తుప్పు వట్టిన ఇనుప డబ్బా,
ఎవరి దిక్కూ మాట్లాడకుండ.
అంకె నాకు దొరికింది.
చాచాకు అంకెతోని పనే లేదు.

చెన్నకేశవులు స్టూలు మీద కూలబడ్డడు.
అమ్మినోని ఫోను మోగి మోగి ఊకుంది.
"పదిహేను వందలు ఎక్కువ తీస్కున్నడు అక్కా" అన్నడు,
ఇంకేదో అనబోయి తువ్వాల దులిపిండు.
చాచా డిస్కు మీద చెయ్యి పెట్టి చూసిండు,
జరమొచ్చిన పిల్లగాని నొసలు చూసినట్టు.
"మోటర్ మంచిది బిడ్డా. ఉరకది, అంతే.
ఉరుకుతదని అదెన్నడన్న చెప్పిందా?"

చీటి పీకి తెల్ల టేపు అంటిచ్చి
అయిదు రాసి, రెండో అంకె రాస్తుంటే
కరెంటు పోయింది.
నా ఇన్వర్టర్ చాచా షాపులనే, రిపేరుకు.

ముందుగాల బయటి నూరు ఆగింది.
ఆరేండ్లల ఒక్కనాడు వినలే దాన్ని.
ఆగినంక తెలిసింది
ఎంత చప్పుడుల బతుకుతున్నమో.

చీకట్ల చాచా పిడి చెవికి ఆనిచ్చుకొనే ఉన్నడు.
"ఆగిందా?" అన్న.
ఆగుమని చెయ్యి లేపిండు.
పాల బూతు పిల్లగాడు అగ్గిపుల్ల గీసిండు,
ఆ ఎలుగుల చాచా మొఖం,
ఎవరో దూరం పోతుంటే
చెప్పు చప్పుడు లెక్కబెడుతున్నట్టు.

"ఇంక ఉన్నది" అన్నడు.
"ఇంక..."